ఏడు నిమిషాల మంగళవారం

రెండు మీసాల బ్రాకెట్లు ఎడమ పక్క, రెండు కుడి పక్క.
మధ్యలో పుట్టిన తేదీ అని రాసి
నేను టీకి వెళ్లాను.
పులియాంతోపులో వాన.
ప్రసూతి ఆసుపత్రి మేడ మీద, రికార్డు గదిలో
రేకుల చప్పుడుకి ఫ్యాను మూలుగు కూడా వినబడ్డం లేదు.

తిరిగొచ్చేసరికి నాంచారి నిల్చుని ఉంది.
కార్పొరేషన్ కోటు అంచుల్నించి నీళ్లు కారుతుంటే
ప్లాస్టిక్ సంచిలోంచి రెండు కాగితాలు
తడవకుండా బయటికి తీసింది.

"చదువు రాదు మేడమ్, వారాలొచ్చు.
పెద్దది సోమారం పుట్టింది, సోమక్క.
చిన్నది మంగళారం పుట్టింది, మంగతాయి.
స్కూల్లో టీచరమ్మ ఇద్దరిదీ సోమారమే అంటాది.
ఇంక దీన్ని ఏమని పిలవాల?"

రిజిస్టరు తెరిచాను.
పెద్దది రాత్రి పదకొండూ యాభై రెండు.
చిన్నది పన్నెండూ ఏడు.
పదిహేను నిమిషాల ఎడం, ఆ ఎడంలో ఒక అర్ధరాత్రి.
నర్సు సరిగ్గానే రాసింది.
ఎక్కడో పరాయి ఊళ్లో అద్దెకున్న మా సర్వరు
గ్రీనిచ్ గడియారం చూసుకుని బతుకుతుంది.
మన అర్ధరాత్రి దానికి సాయంత్రం ఆరున్నర.
అప్పుడప్పుడే దీపాలు పెట్టే వేళ,
మంగళవారం ఎక్కణ్ణించి వస్తుంది?
నేను వేళ అడిగాను.
ఎవరి వేళ అని అడగలేదు.

అలా, అర్ధరాత్రికీ తెల్లారి ఐదున్నరకీ మధ్య
ఈ ఆసుపత్రిలో కళ్లు తెరిచిన ప్రతి బిడ్డనీ
ఒక రోజు వెనక్కి నెట్టేశాను.
లెక్క తీస్తే నాలుగొందల పదమూడు మంది.
నాంచారి ఒక్కతే వచ్చింది.
మిగిలినవాళ్లకి వారం పేర్లు పెట్టలేదేమో.

వెనక బెంచీ మీంచి ఆమె అత్త అంకాలు
వక్క ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకి మార్చి అంది:
"నే జెప్పలా? పొద్దు పొడవందే దినం మారదు.
రేయంతా సోమారమే."
సముద్రాలవతలి యంత్రమూ, ఈ ముసలమ్మా
ఎవరి దారిన వాళ్లొచ్చి
ఒకే మాట దగ్గర కలుసుకున్నారు.

ఇంకోటి గుర్తొచ్చింది.
కాలమండలాల పాత పట్టీలో ఈ ఊరికీ ఒక వరస ఉంది:
ఐదు గంటల ఇరవయ్యొక్క నిమిషాల పది సెకన్లు.
మద్రాసు కాలం. ఒకప్పుడు రైళ్లు దాని మాట విని కదిలేవట.
నుంగంబాక్కంలో ఆ నక్షత్రశాల రాతి స్తంభం ఇంకా నిలబడే ఉంది,
దాని మీద తెలుగక్షరాలు కూడా ఉన్నాయంటారు, నేను చూడలేదు.
ఇప్పటి గంటకి అది తొమ్మిది నిమిషాలు వెనక, పది సెకన్లు అటూ ఇటూ.
వేళ్ల మీద తీసేసి చూశాను.
పదకొండూ యాభై ఎనిమిది.
మంగతాయి మళ్లీ సోమవారంలోకి జారిపోయింది.
ఈ సంగతి నాంచారికి చెప్పలేదు.

మూడు కాలాలు ఒక పక్క.
ఇంకో పక్క ప్రసూతి వార్డు గోడ మీద
ఏదో మందుల కంపెనీ ఊరికే ఇచ్చిన గడియారం.
ఆ రాత్రి అది సరిగ్గా నడిచిందా అని
ఎవరూ అడగలేదు.
నేనూ అడగలేదు.

బ్రాకెట్ల మధ్య ఒక నిలువు గీత గీసి
దాని పక్కన మండలం పేరు కొట్టాను.
చెన్నై వేళ కావాలంటే కలకత్తా పేరు రాయాలి, అదో తమాషా.
ప్రింటరు రెండుసార్లు దగ్గి
రెండో కాగితం మీద మంగళవారాన్ని కక్కింది.

"ఏదీ, ఆ మాట ఎక్కడుందో చూపీ" అంది నాంచారి.
వేలు పెట్టి చూపించాను.
అది మళ్లీ తప్పిపోకుండా
కింద గోటితో ఒక గీత గీసుకుంది.
అంకాలు కిటికీ వైపు తిరిగి
"రాసుకోండి. పొద్దుకి చదువొచ్చునా?" అంది.

పేజీ అడుగున ఏడాది అంకె మాత్రం
ఇంకా రెండేళ్ల కిందటిదే ఉంది.
అది నేను చేత్తో కొట్టింది.
దాన్నిబట్టి ఎవరికీ పేరు పెట్టలేదు గనక
ఇంతవరకూ ఎవరూ వచ్చి అడగలేదు.